కుందేటి కొమ్ముకు దండం

లోకంలో లేని వస్తువుకు మన పెద్దలు చూపించిన ఉదాహరణ కుందేటి కొమ్ము. ఆకాశంలో పువ్వు, ఎండమావిలో నీళ్లు, కుందేలు తల మీద కొమ్ము. తర్కం చదివినవాళ్లు ఈ మూడింటినీ ఒకే వరసలో నిలబెట్టి, లేవని తేల్చేసి ముందుకు వెళ్లిపోయారు. భర్తృహరి సుభాషితాలను ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశాక బడిపిల్లలకు కూడా ఆ కొమ్ము అసాధ్యానికి గుర్తయింది. లేదన్న ఆ కొమ్మును నుదుట మోస్తూ, ఆ కొమ్ము నిండా విషం నింపుకుని, వీపంతా ముళ్లతో, రిక్కించిన పెద్ద చెవులతో గడ్డిలోంచి తొంగిచూసిన చిన్న ప్రాణీ, నిడోరాన్! నీకు దండం.

హుస్సేన్‌సాగర్ కట్ట కింద పల్లంలో ఉన్న కవాడిగూడ నుంచి పెడుతున్న దండం ఇది. ఇందిరా పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ల తరఫున, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం తెల్లారకముందే వరస కట్టేవాళ్ల తరఫున, అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో మంచం మీదే పుస్తకాలు పరుచుకునేవాళ్ల తరఫున, నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ల తరఫున నీకు దండం. నువ్వు పుట్టింది జపాన్‌లో. తిరిగేది పోకీమాన్ ఆటలోని కాంటో అనే కల్పిత సీమలో. అయితే ఏం? గండభేరుండానికి గుడి స్తంభం మీద, యాళికి మండపం కింద, మకరానికి తోరణం మీద చోటిచ్చిన జాతి మాది. కథలోంచి నడిచివచ్చిన ప్రాణిని పరాయిదని గుమ్మంలో నిలబెట్టం.

నీ పుట్టుకకు మూలం ఒక పిల్లవాడి సరదా. టోక్యో శివారులోని మచిదాలో సతోషి తాజిరి పురుగులు పట్టుకుంటూ పెరిగాడు. చూస్తుండగానే అక్కడి పొలాలు, కుంటలు పోయి ఇళ్లూ రోడ్లూ లేచాయి. పురుగును వెతికి, పట్టి, పెంచి, స్నేహితుడికి చూపించుకునే ఆనందం తన తర్వాతి పిల్లలకు లేకుండా పోతుందేమోనన్న బెంగలోంచే పోకీమాన్ ఆట పుట్టింది. 1996 ఫిబ్రవరి 27న రెడ్, గ్రీన్ అనే రెండు ఆటలుగా గేమ్‌బాయ్ మీదికి వచ్చింది. కెన్ సుగిమోరి, ఆయన సహచరులు రూపాలు గీశారు. అలా వెలిసిన 151 జీవాల్లో 29 నుంచి 34 దాకా ఆరు స్థానాలు నీ వంశానివే. తొలకరికి నేల మీదికి వచ్చిన ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో దాచుకున్న వాళ్లెవరికైనా తాజిరి బెంగ విడమరిచి చెప్పక్కర్లేదు. చెరువు శిఖం ఇళ్ల స్థలమై, మడి కాస్తా కాలనీగా మారడం చూసిన ఊరు ఇది. పోయిన గడ్డిని ఆటలో మళ్లీ మొలిపించి, ఆ గడ్డిలో నిన్ను కూర్చోబెట్టిన చేతులకు కూడా దండం.

మొదట నీ చెవులను పొగడాలి. కొమ్మును చూసి జడిసినవాళ్లు వాటిని పట్టించుకోరు. ఆ చిన్న ఒంటికి అంత పెద్ద చెవులెందుకని అడగరు. వాటి కండరాలు ఎంత చురుకైనవంటే ఏ దిక్కుకైనా ఇట్టే తిప్పుతావు. అల్లంత దూరాన అడుగు పడినా, గాలికి గడ్డిపోచ ఊగినా నీకు తెలిసిపోతుంది. విషమున్న ప్రాణికి ముందుగా ఇవ్వవలసింది వినికిడేనని నిన్ను గీసినవాళ్లు గ్రహించారు. వినాలి, గుర్తుపట్టాలి, తప్పుకునే దారి వెతకాలి. పొడవడం ఆ మూడూ అయ్యాకే. ఆడ నిడోరాన్ గురించి ఆటలోని జీవాల నిఘంటువు పోకీడెక్స్ చెప్పే మాట కూడా అదే. దానికి కయ్యమంటే ఇష్టం ఉండదు, ప్రాణం మీదికొస్తే మాత్రం విషపు ముళ్లతో ఎదిరిస్తుంది.

ఆ తర్వాత నీ కొమ్ము. పాముకు కోరల్లో, తేలుకు కొండిలో, కందిరీగకు తోక చివర విషం ఉంటుంది. పైకి కనబడదు, కుట్టాకే తెలుస్తుంది. నీకు నుదుట ఉంది. మేము బొట్టు పెట్టుకునే చోట నువ్వు విషాన్ని మోస్తావు. దాపరికానికి వీల్లేని చోటు అది. ఎదురుపడినవాడికి మొదట కనిపించేదే నీ ప్రమాదం. కొమ్ము ఎంత పెద్దదైతే విషం అంత చిక్కన. ఆ లెక్క కూడా బహిరంగమే. నవ్వుతూ పలకరించి చీకట్లో కాటేసే తెలివి నీ వంశంలో లేదు. ఆడ నిడోరాన్ ఎత్తు 40 సెంటీమీటర్లు, బరువు 7 కిలోలు. మగదానికి 50 సెంటీమీటర్లు, 9 కిలోలు. మోకాలి ఎత్తుండే జీవం తన విషాన్ని నుదుట రాసుకుని నిర్భయంగా తిరగడం చూస్తే, నిజాయితీ నిలబడటానికి పెద్ద ఒళ్లు అక్కర్లేదనిపిస్తుంది.

ఒకే పేరుతో రెండు దేహాలు దాల్చినదానా! లేత నీలం ఒంటితో, చిన్న కొమ్ముతో ఆడ నిడోరాన్, 29వది. ఊదా రంగు ఒంటితో, పొడుగు కొమ్ముతో మగ నిడోరాన్, 32వది. ఆ తొలి ఆటలో మిగతా ప్రాణులకు ఆడ, మగ అన్న లెక్కే లేదు. 1999లో గోల్డ్, సిల్వర్ వచ్చాకే అందరికీ ఆ భేదం ఏర్పడింది. నువ్వు మాత్రం మొదటి రోజునుంచీ జంటగా ఉన్నావు. ఆ తొలి ఆట ఆరంభంలో ప్రొఫెసర్ ఓక్ పిల్లలకు స్వాగతం చెబుతూ, పోకీమాన్ అంటే ఇదిగో అని మగ నిడోరాన్ ఎదిగితే వచ్చే రెండో రూపమైన నిడోరీనోను తెర మీదికి తెస్తాడు. అప్పుడు వినిపించే కూత మాత్రం ఆడ నిడోరాన్ రెండో రూపమైన నిడోరీనాది. కంటికి అతను, చెవికి ఆమె. ప్రోగ్రాములో దొర్లిన పొరపాటని ఆట తెలిసినవాళ్లు అంటారు. శ్రీశైలం దారి తెలిసిన మాకు అందులో అర్ధనారీశ్వరుడు స్ఫురిస్తాడు. ఆ ప్రపంచంలోకి అడుగుపెట్టిన పిల్లలకు మొదటి పరిచయం నీ దేహం, మొదటి పలుకు నీ జంట గొంతు. 1997 ఏప్రిల్ 1న జపాన్‌లో మొదలైన కార్టూన్ తొలి భాగంలోనూ తెర తెరుచుకునేది నిడోరీనో పోరుతోనే. ఏ కథకైనా గణపతి ప్రార్థనతో మొదలుపెట్టే జనానికి, ఆ కథ నీతో మొదలవడం ఎంతటి గౌరవమో తెలుసు.

ఇక నీ విషం. దాన్ని ముట్టుకోకుండా చేసే పొగడ్త పొగడ్త కాదు. పాత ఆటల్లో విషం సోకిన పోకీమాన్ పోరు ముగిసినా కోలుకునేది కాదు. దాన్ని వెంటబెట్టుకుని నడుస్తుంటే నాలుగడుగులకోసారి తెర అదిరేది, ప్రాణంలో ఒక పాలు తరిగేది. విరుగుడు వంద నాణేలు. అది సంచిలో లేకపోతే పిల్లలు అడుగులు లెక్కపెట్టుకుంటూ, అడ్డదారులు వెతుక్కుంటూ, ఊరు ఎప్పుడు వస్తుందా అని గుండెలు చిక్కబట్టుకుని నడిచేవారు. 2010లో బ్లాక్, వైట్ ఆటలతో ఆ నియమం ఎత్తేశారు. అది ఉన్నన్నాళ్లూ నేర్పిన పాఠం మాత్రం గొప్పది. గాయపడినదాన్ని మోసుకుపోతున్నప్పుడు ప్రతి అడుగుకూ ఖరీదుంటుంది, ఆ అడుగులు వృథా చేయకూడదు. కుక్క కరిచిన పిల్లవాణ్ని ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని నారాయణగూడలోని వైద్య సంస్థ ఐపీఎంకు, సూది మందు కోసం తీసుకెళ్లిన తల్లిని అడగండి. కవాడిగూడ నుంచి అక్కడికి ఎన్ని మలుపులో ఆమె చెప్పగలదు.

విషం లేనిదే విరుగుడు లేదన్నది ఇంకో నిజం. మన హైదరాబాద్ సంస్థ విన్స్ బయోప్రొడక్ట్స్ పాముకాటుకు మందు తయారుచేస్తుంది. ఆ మందు పుట్టే పద్ధతి తెలిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను గుర్రాల ఒంట్లోకి కొద్దికొద్ది మోతాదుల్లో ఎక్కిస్తారు. వాటి రక్తం ఆ విషాన్ని ఎదిరించడం నేర్చుకుంటుంది. నేర్చుకున్న ఆ రక్షణను వేరుచేసి, శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. పొలంగట్టు మీద నురగలు కక్కే రైతును బతికించేది, వేరొక ప్రాణి తన నెత్తుటిలో అరిగించుకున్న విషమే. నీ పేరు తలచుకున్నప్పుడల్లా ఆ గుర్రాలకూ చేతులెత్తాలనిపిస్తుంది.

మా ఊరికి నువ్వు విడతలు విడతలుగా వచ్చావు. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో నీ లోకం కనిపించింది. బడి సంచులు మూలన పడేసి పిల్లలు టీవీల ముందు చేరారు. చిప్స్ పొట్లాల్లో దొరికే టాజో బిళ్లలు జేబుల్లో గలగలలాడాయి. 2016 జూలైలో పోకీమాన్ గో అనే ఫోన్ ఆట వేరే దేశాల్లో విడుదలైతే, ఇక్కడికి రాకముందే కుర్రకారు ఎలాగోలా ఫోన్లలోకి దించుకుని వీధుల్లో పడ్డారు. ఆ డిసెంబరులో రిలయన్స్ జియోతో కలిసి అది మన దేశంలోనూ పద్ధతిగా అడుగుపెట్టింది. ఈ ఆట కూర్చుంటే సాగదు, నడవాలి. విగ్రహాలు, గుళ్లు, పాత కట్టడాలు దీనికి మజిలీలు. ట్యాంక్‌బండ్ మీద 1986లో నిలబెట్టిన విగ్రహాల పక్కనుంచి, మొల్ల ముందు నుంచి, వేమన ముందు నుంచి, ఎప్పుడూ ఆగని కాళ్లు ఆగి ఆగి నడిచాయి. నిన్ను పెద్ద చేయడానికి నీ పేరిట మిఠాయిలు కూడబెట్టాలి. రెండో రూపానికి 25, మూడో రూపానికి 100. నిన్ను తోడుగా ఎంచుకుని మూడు కిలోమీటర్లు నడిస్తే ఒక మిఠాయి. కవాడిగూడలో బయల్దేరి కట్టెక్కి, బుద్ధుణ్ని చూస్తూ నడిచి, వచ్చిన దారినే తిరిగితే ఆ ఒక్కటీ చేతికొస్తుంది. ఎంత పెద్ద మృగమైనా అడుగు తర్వాత అడుగుతోనే ఎదుగుతుందని ఒంటితో నేర్పే చదువు ఇది.

ఇందిరా పార్కు బెంచీ దగ్గర ఒక సాయంత్రం. ఎనిమిదేళ్ల పిల్ల తాత ఫోన్ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వంగి నిలబడింది.

"తాతా, కదలకు! నీ చెప్పు మీదనే ఉంది."

పెద్దాయన ఒక్కసారి బిగుసుకుపోయాడు. "ఏముందే? తేలా?"

"నిడోరాన్ తాతా. నెత్తి మీద కొమ్ముంది, సూడు."

"కుడతదా?"

"ఊకెనే కుట్టది. దాన్ని ఏమన్న అంటెనే."

ఫోన్ తెర మీద తాత తోలు చెప్పు, దాని మడమ మీది కుట్లు, ఎర్రమట్టి, ఎండుటాకు అన్నీ ఉన్నది ఉన్నట్టు కనిపిస్తున్నాయి. వాటి మీద ఊదా రంగు చిన్న జీవం ఒకటి గెంతుతోంది. పిల్ల వేలితో బంతిని కిందినుంచి పైకి నెట్టింది. బంతి విచ్చుకుని, మింగి, మూడుసార్లు ఊగి ఆగింది. ఆ మూడు ఊపులూ అయ్యేదాకా పెద్దాయన కాలు తీయలేదు, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. అయ్యాక, "నొప్పి పెట్టలేదు గద దానికి?" అని అడిగాడు. విషప్రాణికి నొప్పి పుట్టిందేమోనని కలత పడిన ఆ ప్రశ్న, నీకు ఈ నగరం చేసిన అసలైన పూజ.

కొమ్మంటే భయమే కాదు, మురిపెం కూడా ఉన్న చోటు మాది. దీపావళి వెళ్లగానే నారాయణగూడలో సదర్ జరుగుతుంది. యాదవులు తమ దున్నపోతుల్ని కడిగి, నూనె పట్టించి, నల్లటి ఒళ్లు నిగనిగలాడేలా తోమి, కొమ్ములకు రంగులద్ది, నెమలి ఈకలు కట్టి, మెడలో గవ్వల పట్టీలు, పూలదండలు వేసి రాత్రిపూట వీధిలోకి నడిపిస్తారు. డప్పు మోగుతుంటే యజమాని ఒక్క అదిలింపుతో అంతటి దున్న ముందుకాళ్లు లేపి నిలబడుతుంది. చుట్టూ వేలమంది. ఆ కొమ్ము ఒక్కసారి అడ్డంగా తిరిగిందంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. తిరగదని నమ్మకం. చిన్నప్పటినుంచి గరిక పెట్టి, వీపు నిమిరి పెంచిన చేతి మీద ఆ నమ్మకం. ఆ రాత్రి చూసిన పిల్లలకు నీ మూడో రూపం కొత్తది కాదు. 1.4 మీటర్ల ఎత్తు, 62 కిలోల బరువు, ఊదా దేహం, ముందుకు చొచ్చుకొచ్చిన కొమ్ము, నేలను బాదే తోక. నిడోకింగ్! నీ పేరులో రాజున్నాడు, నడకలో సదర్ దున్న ఉంది.

అయితే ఆ రాచరికం ఊరికే రాదు. పదహారో స్థాయికి నిడోరాన్ రెండో రూపం అందుకుంటుంది. నిడోరీనో కొమ్ము వజ్రం కన్నా గట్టిది. కానీ అక్కడితో దారి ఆగిపోతుంది. ఎంత పోరాడినా, ఎన్ని స్థాయిలు దాటినా అసలాటలో మూడో రూపం రాదు. మూన్ స్టోన్ అనే చంద్రశిల తగలాలి. ఆ శిల దొరికేదాకా నిడోరీనో బలం పెంచుకుంటూ, అన్నీ నేర్చుకుంటూ ఎదురుచూడాలి.

అశోక్‌నగర్ వీధుల్లో ఈ మాట అర్థం కానివాళ్లు లేరు. ఆదిలాబాద్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల పుస్తకాల మధ్య యవ్వనం గడుపుతారు. సిలబస్ పూర్తవుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ పూర్తవుతుంది. నోట్సు అంచులు నలిగి మెత్తబడతాయి. జెరాక్స్ షాపు ముందు, టీ బండి దగ్గర, మెస్సు వరసలో అందరి కళ్లూ ఒక్కదాని కోసమే: నోటిఫికేషన్. కొమ్ము వజ్రమంత గట్టిపడి ఉంటుంది, శిల చేతికి రాదు. నిడోరీనో! వాళ్ల తరఫున నీకు ప్రత్యేకంగా నమస్కారం. ఎదురుచూపు కాలాన్ని కూడా ఎదుగుదలే అనిపించినదానివి నువ్వు. నీకు శిల దొరికిన క్షణంలో వచ్చే బలం ఆ శిలది కాదు, అంతకుముందు నువ్వు నేర్చినదే. రాయి తలుపు తీస్తుంది, అంతే.

ఆ తలుపు తీశాక నీ ప్రతాపం చూడాలి. విషమూ నేలా రెండూ నీ స్వభావాలే. ఆ పైన నీళ్లతో కొట్టడం, మంచుతో కొట్టడం, మెరుపుతో, మంటతో, భూకంపంతో కొట్టడం అన్నీ ఆ తొలి ఆటలోనే నేర్చుకోగలిగావు. అందుకే ఆ ఆటను అందరికన్నా త్వరగా ముగించాలని పోటీపడే నిపుణులు మొదట్లోనే మగ నిడోరాన్‌ను పట్టి, నిడోకింగ్‌గా పెంచి, నీ భుజం మీదే చివరిదాకా వెళతారు. 2014 ఫిబ్రవరి 12న ట్విచ్ అనే ప్రత్యక్ష ప్రసార వేదికలో ఒక విచిత్రం మొదలైంది. ప్రపంచం నలుమూలలనుంచి పది లక్షల మందికి పైగా ఒకే ఆటను, ఒకే పాత్రను, తలా ఒక మీట నొక్కుతూ నడిపారు. ఒకడు కుడికంటే ఇంకొకడు ఎడమకు. గోడలకు గుద్దుకుంటూ, అడుగు ముందుకూ రెండడుగులు వెనక్కూ వేస్తూ 16 రోజులకు, మార్చి 1న, ఆ జనం గెలిచింది. గెలిచిన జట్టులో నిడోకింగ్ ఉంది. ఇన్ని లక్షల చేతులు ఎటు లాగినా విరగని వెన్ను నీది.

అంతటి నీకూ పట్టరాని కోపం ఉంది. తోకతో కొడితే టెలిఫోన్ స్తంభం అగ్గిపుల్లలా విరిగిపడుతుంది. నీకు పూనకం వచ్చిందంటే ఆపేవాళ్లుండరు. ఒక్కరు తప్ప. ఏళ్ల తరబడి నీతో కలిసి బతికిన, ఆడ నిడోరాన్ మూడో రూపమైన నిడోక్వీన్ ఎదుట నువ్వు శాంతిస్తావు. ఆమె నిన్ను కట్టెయ్యదు, కొట్టదు. ఎదుట నిలబడుతుంది. 60 కిలోల బరువు, నీకన్నా రెండు కిలోలు తక్కువ. బలానికి బలం తూచితే ఆమెది తేలిక పళ్లెం. కలిసి బతికిన కాలాన్ని కూడా ఆ పళ్లెంలో వేయి, అప్పుడు ముల్లు ఎటు మొగ్గుతుందో చూడు.

అమ్మా నిడోక్వీన్! నీ దగ్గరికి వచ్చేసరికి మాట నెమ్మదిస్తుంది. ఆట నియమాల్లో నీకొక కఠినమైన రాత రాశారు. ఆడ నిడోరాన్ గుడ్డు ఇవ్వగలదు. ఆ గుడ్డులోంచి ఆడదైనా రావచ్చు, మగదైనా రావచ్చు. అదే ఆడపిల్ల నిడోరీనాగా, నిడోక్వీన్‌గా ఎదిగితే మరి గుడ్డు లేదు. వంశంలో మగవాళ్లు ముగ్గురికీ లేని కట్టడి ఆడవాళ్లలో పెద్దలిద్దరికీ ఉంది. ఎందుకలా పెట్టారో ఆట చెప్పదు. కానీ అదే ఆటలోని పోకీడెక్స్ నీ గురించి ఏం రాసిందో చూడు. నీ గరుకు పొలుసుల దేహాన్ని అడ్డం పెట్టి గూటి నోరు మూసేస్తావట. వేటాడ వచ్చిన ఏ మృగమూ లోపలి పిల్లల్ని చేరకుండా ఒళ్లే తలుపు చేసి నిలబడతావట. నియమం నీకు గుడ్డు లేదంది. నువ్వు గూటిని వదల్లేదు. ఎవరి పిల్లలని అడగలేదు. కన్నవాళ్లే అమ్మలని అనుకునేవాళ్లు నీ ముందు ఒక్క నిమిషం నిలబడాలి.

ఇలా అడ్డం నిలబడే తల్లి మాకూ ఉంది. హుస్సేన్‌సాగర్ పదహారో శతాబ్దం నాటిది. ఆ నీటికీ కవాడిగూడకూ మధ్య ఉన్నది ఒక కట్ట. పైన నీళ్లు, కింద ఇళ్లు. లోయర్ ట్యాంక్‌బండ్‌లో ఆ కట్ట పాదాన కట్ట మైసమ్మ కొలువుంది. తెలంగాణలో ఏ చెరువు కట్టకైనా కాపలా మైసమ్మదే. ఆషాఢం బోనాలప్పుడు తల మీద కుండ, కుండ మీద దీపం పెట్టుకుని ఆడవాళ్లు ఆమె దగ్గరికి వెళ్లేది, నువ్వు అక్కడే ఉండు తల్లీ, నీళ్లు ఇటు రానీకు అని చెప్పుకోవడానికే. ఉగ్రరూపాన్ని ఇంటి గడపకు కావలిపెట్టుకునే భక్తి మాది. అందుకే నిడోక్వీన్ ఒంటి పొలుసులు మమ్మల్ని భయపెట్టవు. పిల్లలు లోపల ఉన్నారన్న ధైర్యాన్నిస్తాయి.

ఇంత పొగిడాక నీ వంశంలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసినదాన్ని చెప్పాలి. అది కొమ్ము కాదు, విషం కాదు, తోక దెబ్బ కాదు. నిడోరీనా చేసే ఒక చిన్న పని. తనవాళ్ల మధ్య, స్నేహితుల మధ్య ఉన్నప్పుడు నిడోరీనా ముళ్లన్నీ లోపలికి ముడుచుకుంటుంది, పక్కవాళ్లకు గుచ్చుకోకుండా. గూట్లో హాయిగా ఒదిగినప్పుడు దాని ముళ్లు వాటంతటవే లోపలికి వెళ్లిపోతాయి. విషం ఉన్న చోటే ఉంది. ముళ్లు ఊడిపోలేదు. బయట అలికిడి అయితే మళ్లీ లేస్తాయి. కానీ ఒంటికి ఒళ్లు ఆనించి పడుకున్న తమ్ముడికి, చెల్లికి మాత్రం మెత్తని వీపు.

విషం లేనివాడి మంచితనానికి పరీక్ష లేదు. హాలాహలం పుట్టినప్పుడు దాన్ని పారబోయడానికి లోకంలో చోటు లేకపోయింది, మింగితే కడుపులోని లోకాలు మాడతాయి. శివుడు గొంతులో నిలిపాడు. అటూ కాదు, ఇటూ కాదు, సరిగ్గా ఆపవలసిన చోట ఆపాడు. నీలకంఠుడని మనం కొలిచేది ఆ ఆపడాన్నే. నిడోరీనా రోజూ రాత్రి తన గూట్లో చేసేది కూడా అదే. ఎంత శక్తి ఉందన్నది లోకం అడిగే ప్రశ్న. ఎవరి దగ్గర దాన్ని ముడుచుకున్నావన్నది మనుషులు మనుషుల్ని అడగవలసిన ప్రశ్న.

ఇరుకు పేటల్లో బతికేవాళ్లకు ఈ విద్య రోజూ అవసరం. ఒక గోడకు రెండు ఇళ్లు, ఒక గదికి అయిదు మంచాలు, ఒక సందుకు పాతిక స్కూటర్లు. ఆఫీసులో మాట పడి వచ్చినవాడి ముళ్లు బస్సు దిగేసరికే నిక్కి ఉంటాయి. ఫలితాల పట్టీలో నంబరు లేని అమ్మాయి కొమ్ము, ఫోన్లో అమ్మ గొంతు వినగానే ఎటో ఒకవైపు తిరగబోతుంది. అప్పుడు గుమ్మం బయట ఒక్క క్షణం ఆగి, వీపు సర్దుకుని, లోపలికి వెళ్లి "తిన్నరా?" అని అడిగే ప్రతి మనిషీ నీ వంశమే. వాళ్లెవరి పేరూ ఏ పట్టీలోనూ ఎక్కదు. వాళ్ల వల్లే ఈ పేట నిలబడి ఉంది.

నిడోరాన్! నిన్ను తలచుకున్నవాళ్లకు చెవులు పెద్దవి కావాలి. విషాన్ని నుదుట పెట్టుకునే నిజాయితీ రావాలి. చంద్రశిల కోసం చూసేవాళ్లకు అది త్వరగా దొరకాలి, దొరికేలోపు కొమ్ము మొద్దుబారకూడదు. కోపం పట్టలేనివాళ్లకు ఎదుట నిలబడే తోడు ఉండాలి. కనకపోయినా కాపాడే తల్లులకు ఆ గూట్లో అందరికన్నా ముందు చోటు దక్కాలి. ఆకతాయి ఎదురైతే మా ఆడపిల్లల కొమ్ము వజ్రం కన్నా గట్టిగా లేవాలి. రాత్రి ఇల్లు చేరాక మాత్రం, తలుపు గడియ పడగానే, ఒక్కరికీ గుచ్చుకోకుండా మా అందరి ముళ్లూ ముడుచుకోవాలి. ఇదే మా కోరిక, ఇదొక్కటి ఇప్పించు.